నేల ఊగిన ఆరు నెలలు

తల తిరుగుతోందంటే వెంటనే పడుకోమని చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. నాకు చెప్పినవాళ్లలో మా అత్తమ్మ, చర్చి ఆంటీలు, ఎదురింటి జుబేదా ఆపా, మెడికల్ షాపతను, చివరికి మెట్లు తుడిచే లక్ష్మి కూడా ఉన్నారు. అందరూ ప్రేమతోనే చెప్పారు. వాళ్ల మాట విని నేను నెల రోజులు పాడుచేసుకున్నాను. మీలో ఎవరికైనా నాకొచ్చినట్టు వస్తే, డాక్టరు లేవమన్న రోజున లేవండి. గోడ పట్టుకునైనా సరే లేవండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతాది నా గుండె నేను దిటవు చేసుకోవడానికి.

నా పేరు ఎస్తేరు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. మా ఆయన దేవదాసు స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాడు. నేను చేసే పని చెబితే చర్చిలో కొత్తగా కలిసినవాళ్లు "ఏందీ?" అని రెండోసారి అడుగుతారు. ఊరి బయట ఒక పెద్ద చెరువు మీద జెట్ స్కీ నడుపుతాను. నీళ్ల మీద పోయే మోటారు సైకిలనుకోండి. దాని వెనక పొడుగాటి తాడు కట్టి, గాలి నింపిన ట్యూబు మీద మనుషుల్ని ఎక్కించి లాగుతాను. కాళ్లకు పలకలు కట్టుకుని నీళ్ల మీద నిలబడి జారేవాళ్లను కూడా లాగుతాను.

చూసేవాళ్లకు అదంతా కేకలు, నవ్వులు. మాకు మాత్రం అందులో రెండు సంగతులు ప్రాణంతో సమానం. మొదటిది వెనక మనిషి. నడిపేదాన్ని నేను ముందుకే చూడాలి. నా వెనక, నా వీపుకు వీపు ఆనించి, వెనక్కి తిరిగి కూర్చునే మనిషి ఒకరు ఉండాలి. ఆయన పని ట్యూబును చూడటం, అంతే. మేఘాలు చూడకూడదు, ఒడ్డు చూడకూడదు, నన్ను చూడకూడదు. ట్యూబు మీదివాళ్లు చెయ్యెత్తినా, పడినా ఆయన చెబితేనే నాకు తెలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా నా వెనక మనిషి యాదగిరి. మూడో సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. అది నీళ్లలో పడ్డవాళ్ల కోసం.

రెండోది, జెట్ స్కీకి బ్రేకు లేదు. యాక్సిలరేటర్ నొక్కి కాస్తయినా గ్యాస్ ఇస్తుంటేనే అది మలుపు తిరుగుతుంది. భయమేసి చెయ్యి వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా తిరగదు, దేన్ని చూసి భయపడ్డామో దాని మీదికే తిన్నగా పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ మొదట చేసే తప్పు ఇదే. "భయమైతే వదలకు, జరంత గ్యాస్ ఇస్తనే ఉండు" అని అరిచి అరిచి నా గొంతు ఇట్లా మొద్దుబారింది.

జనవరి

నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్న రోజులు. సాయంత్రమైతే మా సందులోకి ఆటో కూడా దూరదు. నాకు జలుబు, కాస్త ఒళ్లు వెచ్చబడటం. చలికాలంలో నీళ్ల పని, ఇవి మామూలే అనుకున్నాను. శనివారం అక్కాచెల్లెళ్లిద్దరిని ట్యూబు మీద లాగాను. చిన్నది "ఇంకా స్పీడ్, ఆంటీ!" అని ఒకటే అరుపు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చాం. సోమవారం పొద్దున కళ్లు తెరిచేసరికి బీరువా నడుస్తోంది.

కుడి గోడ నుంచి ఎడమ గోడకు పోతోంది, మళ్లీ వెనక్కొచ్చి మళ్లీ పోతోంది. "భూకంపమొచ్చిందా?" అని అడిగాను. దేవదాసు షర్టు గుండీలు పెట్టుకుంటూ ఆగి, "లేదు గదా" అన్నాడు. లేవబోయాను. ఎవరో తోసినట్టు కుడివైపుకు పడ్డాను. తర్వాత వాంతులు. తల కదిపితే వాంతి, కళ్లు తెరిస్తే వాంతి, మూస్తే ఇంకో వాంతి. అత్తమ్మ ఒక చేత్తో నా నుదురు పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటూ రెండో చేత్తో నిమ్మకాయ వాసన చూపిస్తోంది. పక్షవాతమని ఎవరూ పైకి అనలేదు గానీ, అందరూ నా మూతి వంకర పోయిందేమోనని చూస్తున్నారు. చచ్చేంత భయమేసింది నాకు.

దగ్గర్లోని దవాఖానలో తలకు స్కాన్ తీసి, పక్షవాతం కాదని తేల్చి, కోఠిలో చెవి డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆటోలో దేవదాసు నా తలను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా "భయ్యా, జర మెల్లగ" అని ఆటోవాలాను బతిమాలాడు.

మనిషికి రెండు చెవుల లోపలా నిలకడ చూసే నరాలుంటాయట. జ్వరానికి నా కుడి చెవి నరం దెబ్బతింది. వినికిడికి ఢోకా లేదు, నిలకడే పోయింది. నరం తిరిగి బాగుపడొచ్చు, పడకపోవచ్చు. పడకపోతే ఎడమ చెవి, కళ్లు, కాళ్లు కలిసి దాని పని నేర్చుకోవాలి. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "వాంతులు తగ్గేదాకనే గీ గోలీలు. తగ్గినంక బంద్ చేసి, లేచి తిరగాలె. తిరిగితేనే నయమైతది, సమజైందా?"

నాకు సగమే సమజైంది. నా బుర్రంతా శనివారం దగ్గరే ఆగిపోయింది. ఇదే ఆ శనివారం వచ్చి ఉంటే? వెనక ఆ చిన్నపిల్ల ఇంకా స్పీడ్ అని అరుస్తుండగా, నా కళ్ల ముందు చెరువు తిరగడం మొదలై ఉంటే? డ్రిప్ ఎక్కుతున్నంతసేపూ ఆ పిల్ల గొంతే వినిపించింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే తల కదులుతుందని ఏడుపు కూడా బిగబట్టుకున్నాను.

ఫిబ్రవరి

వాంతులు తగ్గాయి. గిర్రున తిరగడం కూడా తగ్గింది. దాని బదులు ఊగడం మొదలైంది. మంచం ఊగేది, బాత్రూము ఊగేది, పళ్లెంలో అన్నం ఊగేది. తల కుడివైపు తిప్పితే కిటికీ ఆలస్యంగా వెంట వచ్చేది. కదలకుండా ఉంటే హాయిగా ఉంది కదా అని కదలడం మానేశాను. కిటికీకి దుప్పటి కట్టించాను. మెడ బిగించుకుని, వెల్లకిలా, సమాధిలో లాజరులా పడుకున్నాను. డాక్టరమ్మ ఆపమన్న గోలీలు ఆపలేదు. వేసుకుంటే మత్తుగా, మంచిగా ఉండేది. మెడికల్ షాపతను "నడవనియ్యండమ్మా, ఏం కాదు" అన్నాడు. అత్తమ్మ తెచ్చిచ్చింది.

చూడటానికి వచ్చినవాళ్ల సంగతి చెప్పకపోతే పాపం. చర్చి ఆంటీలు గుంపుగా వచ్చి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే వైద్యం మొదలు. ఒకామె అల్లం రసం అంది. ఇంకొకామె చెవిలో వెల్లుల్లి నూనె పొయ్యమంది. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆడమనిషి గా నీళ్లల్ల ఎగిరెగిరి దుంకితే నరాలు గిట్లనే అయితయ్ బిడ్డా" అంది. లేచి సమాధానం చెప్పే ఓపిక నాకు లేక ఆమె బతికిపోయింది.

దేవదాసు మాత్రం ఒక్క మాట అనలేదు. పొద్దున్నే గిన్నెలు తోమి, నా జుట్టు చిక్కు తీసి, చేతకాని జడ వేసి డ్యూటీకి పోయేవాడు. సాయంత్రం వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని నా మొహమే చూస్తూ కూర్చునేవాడు. "ఏం చూస్తవయ్యా?" అంటే "ఏం లే" అనేవాడు. ఆయనకు ఈత రాదు. నీళ్లంటే భయం. పెళ్లయినప్పటి నుంచి నన్ను చెరువు గట్టు మీద దింపడమే తప్ప ఒక్కసారి కూడా బోటెక్కలేదు.

నెలాఖరులో యాదగిరి వచ్చాడు, సంచీలో చేపలతో. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, తల వంచుకుని అన్నాడు. "సార్ కొత్త డ్రైవర్ను వెతుకుతున్నడక్కా. ఇగ నువ్వు రావని మీ ఆయన ఫోన్ల జెప్పిండట గద?"

నాకు తెలియదు. అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం దేవదాసు వచ్చేదాకా మంచం మీద లేచి కూర్చునే ఉన్నాను. ఇల్లు ఊగుతోంది, ఊగనీ అనుకున్నాను.

"నన్నడగకుండ ఎట్ల జెప్పినవయ్యా?"

చెప్పులు విడవకుండా అక్కడే నిలబడ్డాడు. "నువ్వు లేవనే లేస్తలేవు ఎస్తేరు. ఏం జెప్పమంటవ్?"

"లేస్తనో లేవనో నేను జెప్పాలె. పని నాది."

"పానం గూడ నీదేనా? మాది గాదా? గిదే నీళ్ల మీద వస్తే? గా ట్యూబు మీద ఎవరో పిల్లలుంటే?" ఆయన గుమ్మం పట్టుకున్నాడు. "నెల సంది నిన్ను చూస్త కూసున్న. నిద్రల గూడ చూస్తున్న. ఇంక చూసుడు నాతోని గాదు."

పిల్లల మాట నెల నుంచి నా బుర్రలోనూ తిరుగుతోంది. ఆయన భయం, నా భయం ఒకటే. అందుకే ఇంకా మండింది నాకు. మరునాడు ఓనరు రెడ్డి సార్‌కు నేనే ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, మొహమాటం లేనివాడు. "ఎండాకాలం తాత్కాలికంగ ఒకర్ని పెట్టుకుంట ఎస్తేరమ్మా. వానలు పడేలోపట వచ్చి నడిపి సూపియ్యి. సరిగ నడిపితే సీటు నీదే. లేకపోతే ఏమనుకోవద్దు" అన్నాడు. నాకంతే చాలు.

మార్చి

కోఠి దవాఖానలో చెవి రోగుల హాలు ఎట్లా ఉంటుందో మీకు తెలుసా? బెంచీల మీద సగం మందికి వినపడదు. సిస్టర్ పేరు పిలుస్తుంది, ఆ పేరుగలాయన గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉంటాడు. సిస్టర్ ఇంకా గట్టిగా పిలుస్తుంది. ఇంకెవరో లేచిపోతారు. దేవదాసు చీటీ వరుసలో నిలబడితే, నా పక్కన బేగంబజార్‌లో పప్పుల దుకాణం నడిపే నందలాల్ సేట్ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి ధోతి. నేను బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చోవడం చూశాడు.

"క్యా తక్లీఫ్ అమ్మా?" అని అడిగాడు. చెవి చూపించి, చెయ్యి గాలిలో తిప్పి చూపించాను. ఆయన నవ్వాడు. "నాకు పేరు పిలిస్తె వినపడది. నీకు పేరు పిలిస్తె లేవనీకి రాది. ఒక పని జేద్దాం. నువ్వు విను, నేను లేపుత."

అట్లాగే చేశాం. ఆయన పేరు పిలిస్తే నేను మోకాలు తట్టాను. నా పేరు పిలిచే వేళకు ఆయన తన పని ముగించుకుని కూడా ఇంటికి పోకుండా వచ్చి, నా జబ్బ పట్టుకుని డాక్టరమ్మ తలుపుదాకా నడిపించాడు. దేవదాసు రెండో వైపు పట్టుకున్నాడు. ఆ తర్వాత సేట్ మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. ఆయన చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకుని నిలబడమంది. కుడివైపుకు దబ్బున ఒరిగాను, దేవదాసు పట్టుకున్నాడు. ఆమె గోలీల పట్టీ చూసి, "ఇంక వేసుకుంటున్నవా?" అని తిట్టిన తిట్టు మరిచిపోలేను. ఆ గోలీలు మెదడును జోకొడతాయట. జోకొడితే అది కొత్త పని ఎట్లా నేర్చుకుంటుంది? నెల రోజులు నేర్చుకోవాల్సింది నేర్చుకోకుండా నిద్రపుచ్చానట. అక్కడి నుంచి ఎక్సర్‌సైజు గదికి పంపింది. అక్కడ ఫాతిమా మేడం.

ఫాతిమా మేడం నా బొటనవేలు నా కళ్ల ముందు నిలబెట్టించి, దాన్నే చూస్తూ తల కుడికీ ఎడమకూ ఊపమంది. ఊపాను. గది లేచి నా మీద పడింది. ఆపేశాను. "ఆపకు" అంది. మళ్లీ ఊపాను, మళ్లీ ఆపేశాను. పక్కనే బకెట్ పెట్టుకుని ఉంది ఆమె, అనుభవమున్న మనిషి.

"మేడం, తల తిరుగుతున్నది."

"తిరగనియ్యి. తిరగాలనే చేయిస్తున్న. తిరిగినప్పుడల్లా దిమాగ్ నేర్చుకుంటది. నువ్వు ఆపితే అది గూడ ఆపుతది."

"భయమైతున్నది మేడం."

"భయమైతే ఆపుడు గాదు, స్లో చెయ్యి. జరంతనన్న కదులుతనే ఉండు."

ఇదే మాట చెప్పి చెప్పి కదా నేను నా గొంతు పాడుచేసుకున్నది! నీళ్ల మీద ఎవడైనా చెయ్యి వదిలేస్తే తోలు తీసే ఎస్తేరు, మంచం ఎక్కగానే చెయ్యి వదిలేసి ఎటుపోతే అటు పోయింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, బకెట్‌లోకి వాంతి కూడా వచ్చింది. మూతి తుడుచుకుని మళ్లీ బొటనవేలెత్తాను. ఇంటికి రాగానే కిటికీకి కట్టిన దుప్పటి పీకి అవతల పారేశాను.

ఏప్రిల్, మే

ఇంట్లో తల ఊపడం అలవాటయ్యాక, తల తిప్పుతూ నడవమంది ఫాతిమా మేడం. రోడ్డు మీద, జనంలో. కుడి పక్క ఒక బోర్డు చదవాలి, ఎడమ పక్క ఒక బోర్డు చదవాలి, కాళ్లు ఆగకూడదు. నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచేదాన్ని. ఒంటరిగా వద్దన్నారు కాబట్టి అత్తమ్మ తోడు. ఆమె నా హ్యాండ్‌బ్యాగు పట్టీని వెనక నుంచి గట్టిగా పట్టుకునేది, తప్పిపోయే బర్రెను పట్టుకున్నట్టు. నేను ఒరిగితే లాగేది. ఒరగకపోయినా లాగేది.

"అత్తమ్మా, నువ్వు గుంజుడుకే పడేటట్టున్న."

"పడితే లేపుత. నడువు."

లాడ్జి, చశ్మా దుకాణం, ఫోన్ కవర్లు, బిర్యానీ, మళ్లీ లాడ్జి. పైకే చదువుకుంటూ తల ఆడించుకుంటూ పోతున్న నన్ను చూసి కొందరు పక్కకు జరిగేవారు. ఒకతను అత్తమ్మను అడిగాడు, "దిమాగ్ ఖరాబైందా అమ్మా?" అని. ఆమె నిలబడి, "మా కోడలు నీళ్ల మీద బండి నడుపుతది. నీకొచ్చా?" అంది. అప్పటిదాకా నా పని ఆమెకు ఇష్టం లేదనుకునేదాన్ని.

ఆదివారం చర్చి అయిపోయాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అది నాకు పరీక్ష. కింద పుస్తకాలు, పైన ఎండ, మధ్యలో వంగేవాళ్లు, తోసుకునేవాళ్లు. పుస్తకాల పేర్లు చదువుతూ వంగి లేస్తూ నడవాలి. రెండో ఆదివారం పరీక్ష గైడ్ల గుట్ట మీద బోర్లా పడ్డాను. గైడ్లన్నీ రోడ్డు మీదికి జారాయి. పుస్తకాలాయన తిడతాడనుకున్నాను. తను కూర్చున్న స్టూలు నాకిచ్చి, చాయ్ తెప్పించి, గైడ్లన్నీ తనే ఏరుకున్నాడు. మోకాలు చీరుకుపోయింది. అత్తమ్మ నన్ను మొజంజాహి మార్కెట్ దాకా ఆటోలో తీసుకుపోయి ఐస్‌క్రీమ్ తినిపించింది. "దేవదాసుకు జెప్పకు" అంది. ఇంటికి రాగానే ఆమే చెప్పేసింది.

మే నెలలో ఎంత బాగుపడ్డానంటే నాకే గర్వమొచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం స్నానం చేస్తుంటే కరెంటు పోయింది. మొహం నిండా సబ్బు, కళ్లు మూసి ఉన్నాయి. ఒక్క క్షణంలో గోడ ఎటుందో నేల ఎటుందో తెలియకుండా పోయింది. తలుపుకు కొట్టుకుని పడ్డాను. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చెవి నరం తిరిగి రాలేదని, వచ్చేది లేదని చెప్పింది. నేర్చుకున్నదంతా కళ్లతోనూ కాళ్లతోనూ నేర్చుకున్నదే. చీకట్లో, కాలికి నేల తగలనిచోట జాగ్రత్తగా ఉండాలి. "ముఖ్యంగ నీళ్లల్ల. మురికి నీళ్లల్ల మునిగితే పైకేదో కిందికేదో నీకు తెల్వకపోవచ్చు. లైఫ్ జాకెట్ లేకుండ కాలు పెట్టకు" అంది.

దేవదాసు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. రెండు మూడు రోజులు ఉప్పు కావాలన్నా అత్తమ్మనే అడిగాడు. నేనూ మొండిదాన్నే, మాట్లాడలేదు. ఆఖరికి నేనే అన్నాను. "ఏమయ్యా, జాకెట్ లేకుండ నేనెన్నడన్న నీళ్లల్ల దిగిన్నా? డాక్టరమ్మ వద్దనలే. జాకెట్ ఏసుకోమన్నది. నాకు నడుపనీకి రాకపోతే నేనే దిగిపోత. నడిపి చూడకుండ మాత్రం దిగ."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎప్పుడు పోవాలె?" అని మాత్రం అడిగాడు.

జూన్

ముందు యాదగిరిని తోడు పెట్టుకుని, నడుంలోతు నీళ్లలో జాకెట్ వేసుకుని దిగాను. కావాలనే కళ్లు మూసుకుని మునిగాను. డాక్టరమ్మ చెప్పింది నిజమే. పైనా లేదు, కిందా లేదు, అంతా ఒకటే మురికి. చేతులు కాళ్లు కొట్టుకోబోయి ఆగాను. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉన్నాను. జాకెట్ నెమ్మదిగా, తనకు తెలిసిన దారిన, నన్ను పైకి తీసుకొచ్చింది. తల బయటపడగానే గట్టిగా అరిచాను. యాదగిరి భయపడి పరుగెత్తుకొచ్చాడు. సంతోషంతో అరిచానని చెబితే తిట్టాడు. ఎంతసేపైనా జాకెట్‌ను నమ్మి ఆగగలనని అనిపించేదాకా మళ్లీ మళ్లీ మునిగాను.

రెడ్డి సార్ పరీక్షకు పెట్టిన రోజు పొద్దున మబ్బుగా ఉంది. దేవదాసు సెలవు పెట్టి వచ్చాడు. ఖాళీ ట్యూబు లాగితే లెక్కలోకి రాదన్నాడు సార్. ట్యూబు మీద మనిషి ఉండాలి. పొరపాటు జరిగితే ఈదుకోగల మనిషే ఉండాలి కాబట్టి యాదగిరిని ఎక్కమన్నాడు. మరి వెనక మనిషి ఎవరు? కొత్త డ్రైవరు సెలవులో ఉన్నాడు.

"సర్కిల్ చిన్నదే గద, ఒక్కసారికి వెనక మనిషి లేకున్న నడుస్తది" అన్నాడు సార్.

"నడవది సార్" అన్నాను. "వెనక మనిషి లేకుండ నేను తాడు కట్ట. ఇయ్యాల గాకపోతే రేపొస్త."

రేపటి నుంచి వానలన్నారు. అప్పుడు దేవదాసు గట్టు దిగి వచ్చి, గోడకు వేలాడుతున్న జాకెట్లలోంచి ఒకటి తీసుకున్నాడు. బకిల్స్ పెట్టుకోవడం రాక నా వైపు చూశాడు. నేను పెట్టాను. ఆయన ఛాతీ దడదడలాడటం నా వేళ్లకు తెలిసింది.

"వెనక్కి తిరిగి కూసో. సీటు పట్టీ గట్టిగ పట్టుకో. యాదగిరిని చూడు. పడితే 'పడ్డడు' అను. చెయ్యెత్తితే జెప్పు. నన్ను చూడకు, సమజైందా?"

"ఔ" అన్నాడు.

తాడు బిగిసేదాకా మెల్లగా పోయి, తర్వాత గ్యాస్ ఇచ్చాను. ఆరు నెలల తర్వాత ఆ గాలి మొహానికి కొట్టింది. ముందు గట్టు, ఎడమవైపు హద్దు చూపించే తేలే బోయాలు, అన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి. వీపుకు దేవదాసు వీపు రాయిలా బిగుసుకుని ఉంది. చెరువు చివర కుడివైపు మలుపు. కుడివైపే నా చావు. తల తిప్పాను. చెరువు ఆలస్యంగా తిరిగింది. ఒక బోయాను గురిగా పెట్టుకుని దాన్నే చూస్తూ తిప్పాను.

సరిగ్గా అప్పుడు వీపు మీది బరువు పోయింది. వెనక నీళ్లలో దభేల్మని చప్పుడు.

యాదగిరి కాదు. దేవదాసు.

చెయ్యి వదిలెయ్యాలనిపించింది. ఒళ్లంతా వదిలెయ్యమంది. వదిలితే తిన్నగా పోతాను, ఆయన వెనకే ఉండిపోతాడు. జరంత గ్యాస్ ఇస్తూనే ఉన్నాను. వెనక్కి చూస్తే, ట్యూబు మీద యాదగిరి బొటనవేలెత్తి తను బాగున్నానని చూపించాడు. తాడు దేవదాసు వైపు పోకుండా వెడల్పుగా, మళ్లీ కుడికే, తిరిగాను. చెరువు ఊగుతోంది, ఊగనీ. నీళ్ల మీద ఆరెంజ్ జాకెట్ కోసం వెతికాను. కనబడలేదు. తల ఇంకా తిప్పాను. కనబడింది. దాని మీద ఆయన మొహం, నోట్లోంచి నీళ్లు, చేతులు రెండూ పైకి.

దగ్గరికి పోతుంటే భయంతో వణుకుతూనే అరిచాడు. "ఎస్తేరూ! ఇంజన్ బంద్ జేసి రా! ఇంజన్ బంద్ చెయ్యి ముందు!"

నీళ్లలో పడ్డవాళ్ల దగ్గరికి ఇంజన్ ఆపాకే పోవాలని ఫోన్‌లో నేను డ్రైవర్ల మీద అరిచే అరుపులు ఇన్నేళ్లుగా విన్నాడు కదా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. దూరంగానే ఇంజన్ ఆపేసి, తేలుతూ ఆయన పక్కకు చేరాను. జాకెట్ భుజాలు పట్టి లాగి, వెనక వైపు నుంచి ఎక్కించాను. ఎక్కి కూర్చుని దగ్గుతూ ఉన్నాడు.

"ఎట్ల పడ్డవయ్యా?"

నోట్లో నీళ్లు ఉమ్మేసి అన్నాడు. "మలుపుల నీ తల తిరుగుతున్నదేమోనని... నీ దిక్కు తిరిగి చూసిన. పట్టీ వదిలింది."

ఒడ్డు మీద నుంచి రెడ్డి సార్ చేతులూపుతూ వచ్చెయ్యమంటున్నాడు. నేను తాడు చుట్టబోయాను. ఈయన ఇక ఈ జన్మలో ఎక్కడు, నన్నూ ఎక్కనివ్వడు అనుకున్నాను. ఆయన పళ్లు టకటకమంటున్నాయి.

"యాదగిరి ఇంకా నీళ్ల మీదనే ఉన్నడు గద" అన్నాడు. "గాయన్ని చూసేటోళ్లు ఎవరు? పోనియ్యి."

నడుం తిప్పి, వీపు నా వీపుకు ఆనించాడు. నేను తాడు మెల్లగా బిగించి గ్యాస్ ఇచ్చాను. మళ్లీ చెరువు చివరిదాకా పోయాం. కుడి మలుపు వచ్చింది, నా తల తిరిగింది, నేను బోయాను చూస్తూ తిప్పాను. వెనక నుంచి ఆయన గొంతు, గట్టిగా, వణుకుతూ: "బాగున్నడు. బాగున్నడు. చెయ్యెత్తలే. బాగున్నడు."

ఒడ్డు చేరేదాకా ఆయన ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.